తడిసిన మాట

ఆ ఏడు దోహాలో రోడ్లు ఒకచోట ఉండేవి కావు. మదీనత్ ఖలీఫాలో మా సందు చివరి మలుపు ఒక వారం ఎడమకు ఉండేది, మరో వారం కుడికి. స్కూలు బస్సు డ్రైవరు మా ఇంటిని రోజూ కొత్తగా కనుక్కునేవాడు. ప్రపంచ కప్పుకు ఇంకా మూడేళ్ళుంది. నవంబరు పొద్దుల్లో పొగమంచు దిగితే, స్టేడియం దిక్కున క్రేన్లు మొదళ్ళు లేకుండా గాలిలో తేలేవి. మా ఆయన గజేందర్ ఆ క్రేన్ల కిందే ఎక్కడో సర్వేయరు పని చేసేవాడు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి మంచులోకి పోయేవాడు. సాయంత్రం బూట్ల నిండా తెల్ల దుమ్ముతో, పొద్దుటి మంచులో కొంత మోసుకొచ్చినట్టు వచ్చేవాడు.

అలాంటి ఒక పొద్దున బియ్యం కడుగుతుంటే ఆవుల మెడగంటలు వినిపించాయి.

కుళాయి కట్టేసి విన్నాను. ఒక ఆవు కాదు, మంద. దగ్గరగా ఒక గంట, దూరంగా పది, మధ్యలో ఎవరో నాలుకతో కొడుతున్న టక్కు టక్కు చప్పుడు. కిటికీ తెరిచాను. సందుకు అవతల పసిపిల్లల నర్సరీ. దాని గేటు పక్క క్యాబిన్ మెట్టు మీద కొత్తగా వచ్చిన సెక్యూరిటీ ఆమె కూర్చుని ఉంది. పొడుగు మనిషి. ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఆవులు ఆ ఫోనులో ఉన్నాయి.

చాయ్ గ్లాసు పట్టుకుని వెళ్ళాను. "ఎవరి ఆవులు?" అని అడిగాను.

"మా నాన్నవి. ఇప్పుడే బయటికి తోలారు."

ఆ 'ఇప్పుడే' నన్ను పట్టుకుంది. మా జగిత్యాలకూ దోహాకూ రెండున్నర గంటల తేడా. ఫోనులో మా అత్త ఎప్పుడూ నాకంటే ముందున్న పూటలోంచి మాట్లాడుతుంది. ఈమెకు ఆ తేడా లేదు. కెన్యా గడియారం, ఖతర్ గడియారం ఒకటే. ఇక్కడ ఈమె నీడ పొట్టిదైనప్పుడే అక్కడ వాళ్ళ నాన్న నీడా పొట్టిదవుతుంది. అంత దగ్గర, అంత దూరం.

ఆమె పేరు నాసియెకు. మసాయి మనిషి. ముందుగా వచ్చింది అని ఆ పేరుకు అర్థమట. నెలలు నిండకుండా పుట్టింది. డ్యూటీ ఆరింటికైతే అయిదున్నరకే వచ్చి కూర్చునేది. ఆరు కొట్టగానే ఫోను క్యాబిన్‌లోని ఇనుప డబ్బాలో పెట్టి తాళం వెయ్యాలి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా విరామం. ఆ గంటసేపు ఆమె మా వంటింటి గుమ్మంలో కూర్చోవడం రెండు వారాల్లో అలవాటైపోయింది. మాట్లాడుకున్నది ఇంగ్లీషే, అందులో ఆమె స్వాహిలీ, నా హిందీ, ఇద్దరం ఇక్కడ ఏరుకున్న నాలుగు అరబ్బీ ముక్కలు.

వాళ్ళలో ఆడవాళ్ళను బిడ్డ పేరుతో పిలుస్తారు. మా అమ్మాయి సుహాసిని కాబట్టి నేను 'మామా సుహా' అయ్యాను, అంటే సుహా అమ్మ. పై వాటాలో ఉండే హబీబున్నీసా ఆపా మొదటిసారి అది విని మెట్ల మీదే కూలబడి నవ్వింది. ఆపాది నిజామాబాద్. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద.

"మామనా? ప్రమీలా, మీసాలెప్పుడు మొలిచినయే నీకు?"

నాసియెకుకు సంగతి తెలియకపోయినా నవ్వు అంటుకుంది. ఆ రోజు నుంచి ఆపా నన్ను పిలిచినప్పుడల్లా పైపెదవి మీద వేలు పెట్టుకునేది.

ఇంకో మాట కూడా చెప్పాలి. వాళ్ళ భాష పేరు 'మా'. గురువారం గురువారం రెండు గంటలకు ఆమె 'మా' భాష రేడియో పెట్టేది. వాళ్ళ జిల్లాలోని చిన్న స్టేషను. ఫోనులో యాప్ ద్వారా ఒక నిమిషం ఆలస్యంగా వస్తుంది. "మా రేడియో" అని ఆమె అంటే నాకూ కలిపి చెప్పినట్టే ఉండేది. ఒక్క ముక్క అర్థం కాని మా భాషను, కూర కలుపుతూ, గిన్నెలు తుడుస్తూ వినేదాన్ని. మాటకూ మాటకూ మధ్య గాలి వినిపించేది. ఆ గాలికి మా వంటింటి తెర కదిలినట్టు నాకు అనిపించేది. ఏసీ గాలే కావచ్చు.

*

అసలు విషయం సుహాసిని వీడియో దగ్గర బయటపడింది.

ఎండాకాలం సెలవుల్లో జగిత్యాల వెళ్ళినప్పుడు సుహాసిని పెద్దమనిషి అయింది. నాకు ఫంక్షను ఇష్టం లేదు. నా పన్నెండో ఏట నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఊరంతా చూసినప్పుడు నేను నేల మీది చాప అల్లికలు లెక్కపెట్టుకుంటూ గడిపాను. కాని మా అత్త ముత్తవ్వ వినే మనిషి కాదు. "దుబాయ్‌ల ఉంటే ఏంది? పిల్ల పెద్దమనిషైతే పదిమందికి తెల్వద్దా?" అంది. ఖతర్ అని పదేళ్ళుగా చెబుతున్నాను, ఆమెకు ఇదంతా దుబాయే.

ఆ వీడియో నాసియెకుకు చూపించాను. లంగా ఓణీలో సుహాసిని, ఒళ్ళో నువ్వుల ముద్దలు, అక్షింతలు వేసే చేతులు. చివర్లో ముత్తవ్వ ఉప్పు, మిరపకాయలు పిడికిట పట్టి మూడుసార్లు తిప్పి పిల్ల మీద "తూ తూ తూ" అంది. అక్కడ నాసియెకు ముఖం వికసించింది.

"మీ అత్త మంచి మనిషి."

ఉప్పు తిప్పితే మంచిదెట్లా అయిందో నాకు అర్థం కాలేదు. అడగలేదు.

వీడియో అయిపోయింది. ఆమె ఇంకా తెర వంకే చూస్తోంది. "తరవాత కోశారా?" అంది.

"ఏం కోస్తరు?"

ఆమె నా వంక చూసింది. నాకు నిజంగా తెలియదని అర్థం చేసుకుంది. బస్సు ఎన్నింటికని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆడపిల్ల పెద్దదైందని వాళ్ళలో ఎలా గుర్తిస్తారో, కాళ్ళ మధ్య ఎక్కడ కోస్తారో, దేనితో. తనకు పదమూడో ఏట చేశారు. "ఆ రోజు ఏడవకూడదు. ఏడిస్తే ఇంటి పరువు పోతుంది. నేను ఏడవలేదు." ఫోను నా చేతికిచ్చి అంది: "నమున్యాక్ పుట్టేటప్పుడు రెండు రోజులు ఏడ్చాను. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు."

నమున్యాక్ ఆమె కూతురు. పన్నెండేళ్ళు. సుహాసిని ఈడుదే. తండ్రి లేడు. తాత దగ్గర పెరుగుతోంది. డిసెంబరు సెలవులు రాగానే పిల్ల చిన్నాన్న, అంటే నాసియెకు మరిది, కోసే ముసలామె ఒకామెతో మాట్లాడి పెట్టుకున్నాడు.

"మీ దగ్గర చట్టం లేదా?"

"ఉంది. చట్టం రోడ్డు దాకా వస్తుంది. మా ఇంటికి రోడ్డు లేదు."

సందులో ఎక్కడో రోడ్డు తవ్వుతున్న మిషను మోత ఆగి, మళ్ళీ మొదలైంది.

"చట్టం రాని చోటికి ఏమొస్తది మరి?" అన్నాను.

ఆమె ఫోను చూపించింది. "ఇది."

మొదట రేడియోలో ఒక డాక్టరు మాట్లాడాడట. వాళ్ళ నాన్న రేడియో కట్టేశాడు. తరవాత నైరోబీ నుంచి ఒక మేడం మాట్లాడింది. ఈసారి రేడియోను తీసుకెళ్ళి గొర్రెల దొడ్లో పెట్టించాడు. మూడో నెలలో ఆయన ఈడువాడే, ఆయనతో పాటు ఒకే ఏట పెద్దవాడైన ముసలాయన ఒకరు మాట్లాడారు. "నా బిడ్డ కాన్పులో పోయింది. ఎందుకు పోయిందని ఇన్నేళ్ళు ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాడట. అంతే అన్నాడట. దొడ్లోంచి రేడియో ఇంట్లోకి వచ్చింది.

"ఇప్పుడు గురువారం ఆవులు తొందరగా ఇంటికొస్తాయి," అంది నాసియెకు. "రెండు గంటలకు నాన్న రేడియో ముందు ఉండాలి."

ఆ కార్యక్రమం వాళ్ళు వేరే వేడుక ఒకటి చెబుతున్నారు. ఈడొచ్చిన పిల్లలను ఒకచోట చేర్చి, వారంపాటు పెద్ద ముత్తైదువలు అన్నీ నేర్పుతారు. పాటలు, ఒంటి సంగతులు, చదువు సంగతులు. చివరి రోజు పూసలు వేస్తారు, పాలు చల్లుతారు, పెద్దలు దీవిస్తారు. అన్నీ ఉంటాయి, బ్లేడు ఉండదు. ఆ వచ్చే శుక్రవారం వాళ్ళ ఊరికి దగ్గరలోనే అలాంటిది జరగబోతోంది. ముందురోజు గురువారం ఒక్కో పిల్లకూ ఇంటి పెద్ద ఇచ్చే దీవెన రేడియోలో వస్తుంది. అది వచ్చాక ఇక ఆ పిల్ల పెద్దదైనట్టే. చుట్టుపక్కల అందరి చెవినా పడిన మాట. చిన్నాన్న కాదు కదా, ఎవరూ వెనక్కి తిప్పలేరు.

"మీ సుహా ఫంక్షన్ లాంటిదే. మాది ఇంకా కొత్త. మా వాళ్ళు అడుగుతున్నారు, కోయకపోతే పెద్దదైందని ఎలా తెలుస్తుందని."

ఆ రోజు కుర్చీలో నేను లెక్కపెట్టిన చాప అల్లికలు గుర్తొచ్చాయి. అందరూ చూడడం గురించి నా మనసులో ఉన్న చేదు కొద్దిగా పక్కకు జరిగింది.

"పదిమంది చెప్పుకుంటే తెలుస్తది," అన్నాను. ముత్తవ్వ మాటే.

*

సోమవారం వాళ్ళ నాన్న దీవెన వచ్చింది. మేనల్లుడి ఫోనులో రికార్డు చేసి నాసియెకుకు పంపారు. తొమ్మిది నిమిషాలుంది. మూడు నిమిషాలు మించితే ప్రసారం చెయ్యమని స్టేషను వాళ్ళు ముందే చెప్పారు. బుధవారం సాయంత్రంలోగా పంపాలి.

"మామా సుహా, నువ్వు రేడియో మనిషివి కదా," అంది.

నిజమే. పెళ్ళికి ముందు మూడేళ్ళు రేడియోలో క్యాజువల్ అనౌన్సరుగా చేశాను. అప్పటికింకా టేపులే. బుచ్చన్న గారని ఒక పెద్దాయన నాకు పని నేర్పాడు. రైతుల మాటలు రికార్డు చేసుకొచ్చి, రీలును చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పి, చప్పుడున్న చోట పెన్సిలుతో గీత పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతికించేవాడు. "రేడియోల మనిషి దగ్గడు, గుటకెయ్యడు, ఉమ్మడు. రేడియోల మాటొక్కటే ఉంటది బిడ్డా," అనేవాడు. కోసిన ముక్కలను మాత్రం పారెయ్యనిచ్చేవాడు కాదు. "ప్రోగ్రాం పోయేదాంక మెడలేసుకో." స్టూడియోలో నేను గోధుమరంగు టేపు ముక్కల దండతో తిరిగేదాన్ని.

మంగళవారం విరామంలో ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ముసలాయన గొంతు గుల్ల పడిన చెక్కలా ఉంది. నాసియెకు కళ్ళు మూసుకుని వింటూ, "ఇది ఉండాలి. ఇది ఆవు గురించి, వద్దు. ఇది మా అమ్మ గురించి. ఇది... ఉండనీ. కాదు, తీసెయ్. ఇక్కడ నమున్యాక్ పేరు. ఇక్కడ్నించి చివరిదాకా దీవెన," అని చెప్పింది. నేను నిమిషాలూ సెకన్లూ రాసుకున్నాను. రెండున్నరకు గేటు దగ్గరికి పరుగెత్తింది.

మిగిలిన పని బుధవారం పొద్దంతా ఒక్కదాన్నే చేశాను. పద్నాలుగేళ్ళయింది, అయినా చేతులు మరిచిపోలేదు. తలుపులు వేసి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మదీనత్ ఖలీఫా మాయమైపోయింది. నేను ఎర్రమట్టి మీద కూర్చున్నాను. ముసలాయన నా ఎదురుగా మాట్లాడుతున్నాడు. ఆయన వెనక మంద కదులుతోంది, మంద వెనక కొండ, కొండ పైన మబ్బో మంచో. లాప్‌టాప్ తెర మీద ఆయన మాట నీలం రంగు గట్లలా కదిలిపోతోంది. ప్రతి వాక్యం చివరా మూడు సన్నటి ముళ్ళు. విన్నాను. థూ, థూ, థూ.

పాపం, పొగాకు నములుతున్నట్టున్నాడు అనుకున్నాను.

ఒక్కొక్క ముల్లూ ఏరి తీసేశాను. దగ్గు తీశాను. గుటకలు తీశాను. గాలి మోత తగ్గించాను. అలవాటు కొద్దీ ఇలా ఏరిన ముక్కలన్నిటినీ వరసగా ఒక ఫైలులో పెట్టి 'ముక్కలు' అని పేరు పెట్టాను. చివరికి రెండు నిమిషాల యాభై సెకన్లు. కడిగిన గాజుగ్లాసులా ఉంది. బుచ్చన్న గారు వింటే తలూపేవాడు.

డ్యూటీ దిగాక నాసియెకు దాన్ని స్టేషనుకు పంపింది. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ చెప్పింది. "మొదటి మాట విన్నాను. నాన్న గొంతు అంత శుభ్రంగా ఎప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది. ఇంక వినలేక పంపేశాను."

*

గురువారం రెండు గంటలకు ముగ్గురం వంటింట్లో ఉన్నాం. ఆపా సేమ్యా పాయసం తెచ్చింది. నా ఫోనులో యాప్ పెట్టాను. నిమిషం కిందటి కెన్యా మా వంటింట్లోకి వచ్చింది.

రేడియో అమ్మాయి ఒక్కొక్క పిల్ల పేరూ చెబుతోంది, ఆ పిల్ల ఇంటి పెద్ద దీవెన వినిపిస్తోంది. ఎవరివీ శుభ్రం చేసినవి కావు. గాలి, కోళ్ళు, దగ్గు, ఉమ్ములు. మనసులో కొంచెం గర్వపడ్డాను. దాచను.

అయిదో పేరు నమున్యాక్.

నాసియెకు నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళ నాన్న గొంతు వచ్చింది. వంటింట్లో ఆయన ఒక్కడే నిలబడి మాట్లాడుతున్నట్టుంది. నాసియెకు నవ్వుతోంది. ఒక వాక్యం అయింది. నవ్వు అలాగే ఉంది. రెండో వాక్యం అయింది. ఆమె తల కొద్దిగా పక్కకు వంచి, మెట్టు ఉంటుందని కాలు వేస్తే లేనట్టు ఆగింది. మూడో వాక్యం. నా చెయ్యి వదిలేసింది.

"ఎక్కడుంది?" అంది.

"ఏంది?"

"నాన్న ఉమ్మలేదు."

దీవెన అయిపోయింది. రేడియో అమ్మాయి కూడా ఒక క్షణం ఆగి, తరవాత పేరుకు వెళ్ళింది. ఆ తరవాత ఫోన్లు తీసుకోవడం మొదలుపెట్టింది. రెండో ఫోనులో మగగొంతు, సన్నగా, తీరుబడిగా. నాసియెకు లేచి నిలబడింది.

"మా మరిది," అంది. "ముసలాయన మాట పొడిగా ఉంది అంటున్నాడు. నోరు చెప్పింది, కడుపు చెప్పలేదు అంటున్నాడు. మనసులో లేదు కాబట్టే ఉమ్మకుండా ఆపుకున్నాడు, కూతురు దూరం నుంచి పోరితే ఏదో అన్నాడు అంటున్నాడు. పొడి మాటకు మేం కట్టుబడం అంటున్నాడు."

వాళ్ళలో పెద్దవాళ్ళు ఉమ్మితేనే దీవెన. పుట్టిన బిడ్డ మీద ఉమ్ముతారు, పెళ్ళికూతురి మీద ఉమ్ముతారు. ఒంట్లోని నీరు కలిస్తే ఆ మాట తడుస్తుంది, తడిసిన మాట మొలుస్తుంది. వాక్యం చివర చుక్క పెట్టమని మనం ఎవరికైనా చెబుతామా? అలాగే ఆమె నాకు చెప్పలేదు.

"ఆయన ఉమ్మిండు," అన్నాను. "ప్రతి మాటకు ఉమ్మిండు. నేనే తీసేసిన."

నాసియెకు నా రెండు చేతుల వంక చూసింది. అదే కష్టమైంది.

ఆపా గరిటె కింద పెట్టింది. "యా అల్లా. ఎందుకు తీసినవే?"

"గలీజనుకున్న ఆపా. పొగాకు ఉమ్మనుకున్న."

"మీ అత్త దిష్టి దీసి సుహా మీద తూ తూ అంటే మంచిది. వాళ్ళ తాత అంటే గలీజా? రోజు పిల్లకు 'ళ' అను, 'ణ' అను, 'భ'కు ఒత్తు వెట్టు అని చెవి మెలేస్తవ్. నీ చెవికి తూకు, థూకు తేడా తెల్వకపాయెనా?"

ఆ మాట సూటిగా దిగింది. మా ఇళ్ళలో ఒత్తు ఉంటే తిట్టు, లేకుంటే దీవెన. తెర మీద నేను చూసిన ముళ్ళకు ఒత్తు లేదు. నేనే పెట్టి విన్నాను. వీడియోలో ముత్తవ్వను చూసి నాసియెకు ఎందుకు మంచి మనిషి అందో అప్పుడు తెలిసింది.

గడియారం రెండూ పద్దెనిమిది. కార్యక్రమం మూడింటి దాకా. నాసియెకు విరామం ఇంకో పన్నెండు నిమిషాలు.

"ముక్కలున్నయి," అన్నాను.

లాప్‌టాప్ తెరిచాను. అతికించే సమయం లేదు. 'ముక్కలు' ఫైలును ఉన్నది ఉన్నట్టు నాసియెకు ఫోనుకు పంపాను. దగ్గులు, గుటకలు, ఒక ఆవు, నలభై ఉమ్ములు. స్టేషను లైను దొరికేసరికి కార్యక్రమం అయిపోతుంది, వాట్సప్ కాల్ ఇక్కడ కలవదు, రికార్డు చేసిన మాట మాత్రం వాళ్ళకు పంపొచ్చు. ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుని మా భాషలో గబగబా చెప్పింది. మధ్యలో 'మామా సుహా' అనేది ఒక్కటి నాకు తెలిసింది.

"ఏం చెప్పినవు?"

"ఇక్కడ ఒక రేడియో మనిషి ఉంది, వాళ్ళ దేశంలో రేడియోలో ఎవరూ ఉమ్మరు, అందుకని మా నాన్న నోరు కడిగేసింది అన్నాను. తీసిన తడి అంతా దాచిపెట్టింది, ఇదిగో అన్నాను."

"మంచిగనే చెప్పినవ్," అంది ఆపా. "యల్లా, జల్ది పంపు."

ఒక్క టిక్కు. రెండో టిక్కు రాలేదు. నాసియెకు ఫోనును కిటికీ దగ్గర పైకెత్తి పట్టుకుంది, ఆ పొడుగు మనిషి పొడుగు చెయ్యి ఎండలోకి చాపి. రెండూ ఇరవై ఎనిమిదికి రెండో టిక్కు పడింది. నీలం కాలేదు.

"పోవాలి," అంది. సూపర్‌వైజరు బండి సందులోకి తిరిగింది. ఆమె ఫోనును డబ్బాలో పెట్టడానికి పరుగెత్తుతూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. "నువ్వు విను," అంది.

*

నాకు రాని భాషను అంత జాగ్రత్తగా ఎప్పుడూ వినలేదు.

ఆపా తస్బీహ్ పూసలు తిప్పుకుంటూ కూర్చుంది. నేను ఫోను చెవికి ఆనించుకుని వరండాలోకి వచ్చాను. సందుకు అవతల గేటు పక్క నాసియెకు నిటారుగా నిలబడి ఉంది, టోపీ కింద కళ్ళు నా మీద. సూపర్‌వైజరు రిజిస్టరు చూస్తున్నాడు. మధ్యలో తవ్విన రోడ్డు, ఎర్రటి ప్లాస్టిక్ అడ్డుగోడలు. ఎండ తెల్లగా, నిద్ర మత్తులా పరుచుకుని ఉంది.

ఎవరెవరో ఫోను చేస్తున్నారు. ఒక ఆడగొంతు. ఒక పాట. వ్యాపార ప్రకటన కాబోలు, మేక అరుపు. నాకు తెలిసిన మాట ఒక్కటే, దాని కోసమే వింటున్నాను.

రేడియో అమ్మాయి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. 'ఖతర్' అంది. 'మామా సుహా' అంది. నాసియెకు గొంతు వచ్చింది, మా వంటింటి గొంతు, వెనక ఆపా గరిటె చప్పుడుతో సహా. దాని వెనకే ముసలాయన దగ్గాడు. గుటక వేశాడు. ఆవు అరిచింది. ఆ తరవాత అవి వరసగా వచ్చాయి. తూ. తూ. తూ. నేను ఏరి పారేసిన ముళ్ళన్నీ తొలకరి చినుకుల్లా పడ్డాయి. ఆగకుండా, అంతసేపు. స్టూడియోలో ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోతోంది.

కాని నవ్వు సరిపోదు. నాకు ఆ సన్నటి గొంతు కావాలి.

రెండూ నలభై. నలభై అయిదు. స్కూలు బస్సు సందు చివర దారి వెతుక్కుంటూ హారను కొట్టింది. నాసియెకు తల తిప్పలేదు.

రెండూ యాభైకి ఆ మరిది గొంతు వచ్చింది. అదే తీరుబడి. ఏదో అన్నాడు. రేడియో అమ్మాయి ఏదో అడిగింది. ఆయన ఆలోచిస్తున్నాడు, గాలి వినిపిస్తోంది. ఆ గాలిలో నేను మళ్ళీ ఎర్రమట్టి మీద ఉన్నాను. చుట్టూ రేడియోల ముందు కూర్చున్న ఊళ్ళు. మధ్యలో సుహాసిని ఈడు పిల్ల, ఏం నిర్ణయిస్తారో అని చాప అల్లికలు లెక్కపెట్టుకుంటూ. బుచ్చన్న గారు ఉంటే ఆ మౌనాన్ని సగానికి కోసేవాడు. నేను కొయ్యలేదు. మొత్తం విన్నాను.

ఆయన నమున్యాక్ పేరు చెప్పాడు. ఆ తరవాత, ఫోనుకు బాగా దగ్గరగా, నోట్లో తడి కూడగట్టుకుని, తూ, తూ, తూ.

నేను మెట్లు దిగాను. సందు మధ్యలో ఎర్ర అడ్డుగోడ దాకా నడిచాను. అరవకూడదు, సూపర్‌వైజరు పక్కనే ఉన్నాడు. డ్యూటీలో మాట్లాడితే ఆమెకు మాట పడుతుంది. నాసియెకు నన్నే చూస్తోంది. నేను పుట్టి పెరిగాక బజారులో ఎన్నడూ ఉమ్మని మనిషిని. మా ఆయన ఉమ్మితే మూడు రోజులు మాట్లాడని మనిషిని. తల ఎత్తి, ఆమె వైపు గాలిలోకి, అందరూ చూస్తుండగా మూడుసార్లు ఉమ్మాను.

సూపర్‌వైజరు రిజిస్టరు మూసి, నన్ను ఎగాదిగా చూసి, "వాట్ ఈజ్ దిస్, మేడం?" అన్నాడు.

నాసియెకు కదలలేదు. చేతులు ఒంటికి ఆనించి, డ్యూటీలో ఎలా నిలబడాలో అలాగే నిలబడింది. చెంపలు రెండూ తడిశాయి. కాసేపటికి, సూపర్‌వైజరు అటు తిరగ్గానే, పెదవులు ముందుకు చాపి, చప్పుడు లేకుండా నాకు మూడుసార్లు తిరిగి ఇచ్చింది.

బస్సు ఎట్లాగో మా ఇల్లు కనుక్కుంది. సుహాసిని దిగి, బ్యాగు ఈడ్చుకుంటూ నా పక్కకు వచ్చింది.

"అమ్మా! నడిరోడ్డు మీద థూ అని ఉమ్ముతున్నవా?"

"థూ కాదు," అన్నాను. "ఒత్తు లేదు బిడ్డా. సరిగ్గ విను."